నిచ్చెన పట్టుకున్నవాడు

ఫోను షాపు పైగది నుంచి

ఒరేయ్ ఆడిటరూ,

ఫోన్లు అమ్ముకునే మనిషి ఉత్తరం రాయడమేంటని నవ్వకు. నా ఫోను నువ్వు ఎత్తవు కదా. పోయినసారి పన్నుల శాఖ పెద్ద కమిషనర్ని మాట్లాడుతున్నానంటే, లేచి నిలబడి, రెండుసార్లు గొంతు సవరించుకుని "అంటే, ఏంటంటే సార్" అన్నావు. అప్పటినుంచీ నా నంబరు కనిపిస్తే చాలు, మోగీ మోగీ ఆగేదాకా చూస్తూ కూర్చుంటావట. మీ ఆవిడే చెప్పింది. సరే, కాగితానికి గొంతు మార్చడం రాదు. ఇది నేనే అని నమ్ము.

సంగతేంటంటే నాకు నోటీసు వచ్చింది. "మీరు టెలిఫోను సేవ అందించేవారు కారు, కంపెనీ తరఫున కనెక్షన్లు అమ్మే ఫ్రాంచైజీ మాత్రమే, కాబట్టి ఇన్నేళ్ళూ మీరు పొందిన పన్ను మినహాయింపు ఎందుకు రద్దు చేయకూడదో తెలపండి" అని. చదివి కాసేపు నవ్వుకున్నాను. తర్వాత కింద వేసిన అంకె చూశాను. అది కట్టాలంటే షాపూ, షాపు మీదున్న ఈ ఇల్లూ, ఇంట్లో ఉన్న నేనూ అమ్ముడుపోవాలి. నన్నెవరూ కొనరని మీ అక్క ధైర్యం చెప్పింది.

నువ్వే చెప్పరా, నేను ఉత్తి అమ్మేవాణ్ణా? కంపెనీవాడు వీధి మొదటి దాకా ఓ లావుపాటి కేబులు తెచ్చి పడేసి, దాని మీద తన పేరు రాసుకుని వెళ్ళిపోయాడు. అక్కడినుంచి గుమ్మం గుమ్మానికీ తీగ లాగింది నేను. స్తంభాలు పాతించింది నేను. వెనకగదిలో గుయ్యిమంటూ ఉండే ఎక్స్ఛేంజి పెట్టె నేను కొన్నది. వానలో దానికి గొడుగు పట్టింది నేను. మొదటి తీగ లాగిన రోజు గుర్తుందా? పరీక్షలయ్యాక సెలవులకి వచ్చావు. నేను పైన, నువ్వు కింద నిచ్చెన పట్టుకుని. సాయంత్రానికి నీ అరచేతులు పొక్కిపోతే మీ అక్క నూనె రాస్తూ నన్ను తిట్టిన తిట్లు ఇంకా ఈ గోడల్లో ఉన్నాయి.

ఇంకో సంగతి, నీకు తెలిసిందే. షాపులో కూర్చునేవాడు స్తంభమెక్కి బాగుచేస్తానంటే ఈ వీధిలో ఒక్కడూ నమ్మలేదు. "నీకేం తెలుసయ్యా, పైనుంచి ఎవరినైనా పిలిపించు" అన్నారు. పిలిపించాను. పసుపు హెల్మెట్టు, నల్ల కళ్ళద్దాలు, మూతికి మఫ్లరు, నోట్లో "ఊఁ" తప్ప మరో మాట లేదు. హెడ్డాఫీసు పెద్దింజనీరు. ముందు రోజు నన్ను "ఏమయ్యా" అన్నవాళ్ళే ఆయనకి కుర్చీ వేసి, విసనకర్ర ఇచ్చి, టీ పెట్టారు. మఫ్లరు తియ్యకుండా టీ తాగడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. అప్పటినుంచీ పెద్దింజనీరు వస్తూనే ఉన్నాడు. ఎవరైనా గట్టిగా అడిగితే ముక్కు నొక్కుకుని హెడ్డాఫీసు కూడా నేనే అవుతాను. మీ అక్క పక్కగదిలో దిండు కొరుక్కుంటూ నవ్వుతుంది.

మరి ఈ మినహాయింపు నిలబడుతుందా, పోతుందా? దాచకుండా చెప్పు.

నీ బావ


ఆఫీసు నుంచి, మూడో అంతస్తు

బావా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నవ్వడానికి, ఒకసారి విషయం కోసం.

భయపడకు. మినహాయింపు తీసుకోమని నీకు చెప్పింది నేనే, నిలబెట్టేదీ నేనే. నియమం సూటిగా ఉంది. జనానికి టెలిఫోను సేవ అందించేవాడికి మొదటి కొన్నేళ్ళ లాభం మీద పన్ను ఉండదు. ఫ్రాంచైజీ అయినంత మాత్రాన అనర్హుడని ఎక్కడా లేదు. చూసేది ఒక్కటే: తీగలూ, ఆ ఎక్స్ఛేంజి పెట్టె ఎవరివి, పాడైతే బాగుచేసేది ఎవరు? అవి నీవి, బాగుచేసేది నువ్వు. కాబట్టి సేవ అందించేవాడివి నువ్వే. అయితే ఒక లైను మీద మినహాయింపు ఒక్కరికే. నువ్వని తేలితే నీకు, కంపెనీ అని తేలితే కంపెనీకి. ఇద్దరికీ ఇవ్వరు.

త్వరలో ఎవరో ఇన్‌స్పెక్టరు వీధిలోకి వచ్చి విచారిస్తారు. నేను రాతపూర్వకంగా సమాధానం తయారుచేస్తాను. ఏదున్నా నాకు ఉత్తరంలోనే రాయి. ఫోనులో నువ్వెవరో నాకెప్పటికీ తెలియదు.

కొత్త గదిలోకి మారాం. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. ఒక పెద్ద క్లయింటు వచ్చేలా ఉన్నారు, ఖాయమయ్యాక చెబుతాను. అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది


ఫోను షాపు నుంచి

ఒరేయ్ మూడో అంతస్తూ,

బతికించావు. నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను, "నిలబెట్టేదీ నేనే" అన్నచోట రెండుసార్లు. మా తమ్ముడంటే తమ్ముడే అని రోజంతా నా ముందు నుంచి అటూ ఇటూ నడిచింది. కిటికీలోంచి ఊరంతా కనిపిస్తోందన్నావు. మా వీధి కనిపిస్తే చెయ్యూపు, స్తంభం మీద నుంచి నేనూ ఊపుతాను.

ఇప్పుడు ఒక్క ముల్లు గుచ్చుకుంటోంది. బాగుచేసేది ఎవరో చూస్తారన్నావు కదా. ఆ ఇన్‌స్పెక్టరు వీధిలో ఎవరిని అడిగినా ఏం చెబుతారు? పెద్దింజనీరు అంటారు! ఎదురింటి రిటైరైన హెడ్మిస్ట్రెస్సయితే ఆయన్ని తలుచుకోకుండా టీ కూడా తాగదు. ఆమె మనవరాలికి సంబంధం చూస్తూ, అలాంటి నెమ్మదస్తుడు దొరికితే చాలంది, నాతోనే. నేను హెల్మెట్టు లేకుండా నిలబడి, "నిజమేనండీ, అలాంటివాళ్ళు అరుదు" అన్నాను.

మీ అక్క అంటోంది, ఇన్‌స్పెక్టరు రాకముందే వీధిలో అందరినీ పిలిచి చెప్పెయ్యమని. తిట్టేవాళ్ళు తిడతారు, నవ్వేవాళ్ళు నవ్వుతారు, నిజమైతే బయటపడుతుంది అని. నాకూ అదే మేలనిపిస్తోంది. నువ్వు ఊఁ అంటే రేపే చెప్పేస్తాను. చెప్పమంటావా, వద్దా?

నీ బావ


ఆఫీసు నుంచి

బావగారికి,

మీ ఉత్తరం చేరింది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎవరికీ ఏమీ చెప్పవద్దు. ఈ సమయంలో చెబితే ఖాతాదారులను మోసం చేశారని రాసుకునే అవకాశం ఉంది. వాళ్ళు చూసింది వాళ్ళు చెప్పనివ్వండి. అసలు విషయం నా రాతపూర్వక సమాధానంలో ఉంటుంది. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మీరు ఎక్కువ మాట్లాడకుండా ఉంటే మంచిది.

పని ఒత్తిడిలో ఉన్నాను.

ఇట్లు,
మీ బావమరిది


ఫోను షాపు నుంచి

మహారాజశ్రీ బావమరిదిగారి సముఖమునకు,

ఏమిట్రా ఈ "మీరు"? పెళ్ళిలో కూడా నన్ను "నువ్వు" అన్నావు కదరా. ఉత్తరం చూసి పొరపాటున వేరేవాళ్ళ కవరులో నాది పెట్టావనుకున్నాను. మీ అక్క నీకు జ్వరమేమో అంది.

సరే, నువ్వు చెప్పినట్టే నోరు కుట్టుకున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చింది. ఆడమనిషి, చేతిలో గొడుగు, నవ్వడం తెలియని మొహం. షాపు గడపలో నిలబెట్టే అడిగింది:

"మీ దగ్గరికి పసుపు హెల్మెట్టు ఇంజనీరు వస్తాడట కదా, కంపెనీ నుంచి. ఎప్పుడెప్పుడు వస్తాడు?"

ఒట్టి మెడ ఆడించాను, అవునని కాదు, కాదని కాదు, బొమ్మ మెడలాగా. ఆవిడ వీధిలోకి దిగింది, నేను వెనకాల. హెడ్మిస్ట్రెస్సు గుమ్మంలోకి వచ్చి, "ఆయనా? బంగారం! స్తంభమెక్కితే పని పూర్తయ్యేదాకా దిగడు" అని నా వైపు చూపించి, "ఈయన ఫోను ఎత్తడానికి తప్ప ఎందుకూ పనికిరాడమ్మా" అంది. టైలరు ఇంకాస్త వేశాడు: "ఈయన ఓసారి మా తీగ ముట్టుకుంటే ఉన్నదీ పోయింది. ఇంజనీరుగారొచ్చి చిటికెలో సరిచేశారు." రెండూ నేనేరా! ఆ రోజు హెల్మెట్టు లేకుండా మొదలుపెట్టాను, టైలరు కింద నిలబడి నస పెడుతుంటే పని సాగక దిగిపోయి, వేషం వేసుకుని మళ్ళీ ఎక్కాను.

ఇన్‌స్పెక్టరు అన్నీ రాసుకుంది. నా మీద నేనే పితూరీ చెప్పించుకున్నట్టయింది. ఇక నీ సమాధానమే దిక్కు.

ఒక్క ప్రశ్న రా. ఆవిడ అప్పటికి వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదు. హెల్మెట్టు పసుపని ఆవిడకి ఎవరు చెప్పారు? ఆ ఇంజనీరు సంగతి అడగాలని ఎలా తట్టింది? వీధికి అతను తెలుసు కానీ వీధి పన్నులాఫీసుకి వెళ్ళదు. ఇంక మిగిలింది నేను, మీ అక్క, నువ్వు. మీ అక్క నవ్వితే మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది కానీ మాట బయటికి పోదు.

నీ బావ


ఆఫీసు నుంచి

బావగారికి,

శాఖవాళ్ళకి సమాచారం రకరకాలుగా వెళుతుంది. దాని గురించి ఆలోచించి ప్రయోజనం లేదు.

సాక్ష్యాలు మనకి అనుకూలంగా లేవు. కుటుంబం మనిషిగా ఒక సలహా. ఫ్రాంచైజీ అమ్మే ఏజెంటు మాత్రమేనని ఒప్పుకుని ఒక కాగితం రాసిస్తే, బాకీ వాయిదాల్లో కట్టుకునే వీలు చూడవచ్చు. తీగలూ ఎక్స్ఛేంజి పెట్టె కంపెనీకి అప్పగించండి. కంపెనీ మిమ్మల్ని ఏరియా మేనేజరుగా తీసుకుంటుంది. నెల జీతం, కుర్చీ, స్తంభాలెక్కే బాధ ఉండదు. ఈ వయసులో అదే గౌరవం. అక్క కోసం చెబుతున్నాను.

మీ బావమరిది


షాపు వెనకగది, పెట్టె పక్క నుంచి

అయ్యా,

కంపెనీ నన్ను తీసుకుంటుందని నీకెలా తెలుసు? నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని రెండు రోజులు ఇదే ఆలోచించాను. మూడోనాడు పన్నులాఫీసుకి వెళ్ళాను. ఆ గొడుగావిడ ఫైలు తిరగేసి, "మీ తరఫున మాకేమీ రాలేదండీ" అంది. నీ రాతపూర్వక సమాధానం ఇంకా నీ కలంలోనే ఉంది.

షాపుకొచ్చి తలుపేసి, నాకు చేతనైన పని ఒక్కటే చేశాను. కంపెనీ హెడ్డాఫీసుకి ఫోను చేశాను, అసలు హెడ్డాఫీసుకి. గొంతు లావు చేసి, "పన్నుల శాఖ పెద్ద కమిషనరు ఆఫీసు నుంచి. మీ పన్ను సలహాదారుని ఇవ్వండి" అన్నాను. ఎవరో ముసలాయన వస్తాడనుకున్నాను. ఆయన్ని ఏడిపించి, తిట్టి, కడుపుమంట తీర్చుకుందామని.

అవతల కుర్చీ జరిగింది. ఎవరో లేచి నిలబడ్డారు. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"అంటే, ఏంటంటే సార్..."

అది నువ్వేరా. అయినా నా గొంతు ఉంది చూశావూ, దానికి అలవాటైపోయింది, అదే అడిగేసింది: "ఆ వీధి ఫ్రాంచైజీ సంగతేమిటి?"

"అతనొట్టి కమీషన్ మనిషి సార్. స్తంభమెక్కేది మా కంపెనీ ఇంజనీరే. వీధి వీధంతా సాక్ష్యం చెప్పింది. ఆ లైన్ల మినహాయింపు మాకే రావాలి సార్."

"మీకు అతను ముందే తెలుసా?"

"లేదు సార్. పరిచయం లేదు."

ఫోను పెట్టేశాను. పుట్టి బుద్ధెరిగాక మధ్యలో వదిలేసిన ఆట ఇదొక్కటే. మీ అక్క తలుపు కొట్టి, "ఎవరిని ఏడిపిస్తున్నావు, నవ్వు వినిపించడంలేదే" అంది.

పరిచయం లేదు! నా నిచ్చెన పట్టుకున్నవాడివిరా నువ్వు. మొదటి తీగ ఎవడు లాగాడో ఈ భూమ్మీద కళ్ళతో చూసినవాడు నువ్వొక్కడివే. వీధివాళ్ళు తెలియక చెప్పారు, వాళ్ళని ఏమీ అనను. నువ్వు తెలిసి చెప్పావు. నేను నవ్వుకుందామని నీకు రాసిన దాన్ని తీసుకెళ్ళి పసుపు రంగుతో సహా అప్పగించావు. నిజం చెప్పేస్తానని అడిగితే, నోరు మూసుకోమన్నావు, ఆ నోరు మూసినచోట నీ క్లయింటుని కూర్చోబెట్టావు.

ఇంకొకటి. ఊరూ పేరూ లేని గొంతుతో చేస్తే లేచి నిలబడి ఎత్తావు. నా గొంతుతో చేస్తే ఇన్నాళ్ళూ మోగనిచ్చావు.

మీ అక్కకి ఇంకా చెప్పలేదు. నువ్వే రాసుకో.


ఇంటి నుంచి

బావా,

కాళ్ళ మీద పడమన్నా పడతాను. ఒక్కసారి పూర్తిగా చదువు.

మొదటి ఉత్తరం రాసినప్పుడు నీకోసమే రాశాను. తర్వాత ఆ పెద్ద క్లయింటు, మీ ఫోను కంపెనీయే, ఖాయమైంది. వాళ్ళు కట్టిన ఫైలు తెరిస్తే అందులో నీ వీధి కూడా ఉంది. ఫ్రాంచైజీల లైన్లన్నిటి మీదా మినహాయింపు వాళ్ళే అడిగారు. ఒక్క చోట ఫ్రాంచైజీ గెలిస్తే మిగతా చోట్లా పోతుందన్నారు. వదులుకుందామనుకున్నాను. కొత్త గది, మనుషులు, పేరు... వదులుకోలేకపోయాను. నీకు ఉద్యోగం ఇప్పిస్తే నష్టమేమీ ఉండదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "మీరు" అని రాయడం అప్పుడే మొదలుపెట్టాను. "నువ్వు" అని రాస్తే చెయ్యి కదల్లేదు.

ఒక్క మాటంటాను, కోపం తెచ్చుకోకు. నువ్వా వేషం వేయకపోతే నాకు చెప్పడానికి అబద్ధమే ఉండేది కాదు. నీ ఇంజనీర్ని నేను పుట్టించలేదు.

ఇప్పుడు వెనక్కి వస్తే నా వృత్తే పోతుంది. నీ తరఫున నేను ఉండలేను. దయచేసి అక్కకి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు.

నీ బావమరిది


ఫోను షాపు పైగది నుంచి

ఆడిటరుగారికి,

మీ అక్కకి చెప్పాను. ముందు నమ్మలేదు. నేను ఏదో వేళాకోళం ఆడుతున్నానని కసిరింది. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, మడిచి, స్టవ్ మీద పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది. పొంగనిచ్చింది.

నువ్వన్నది నిజమే, ఇంజనీర్ని పుట్టించింది నేనే. కాబట్టి నేనే సాగనంపాలి అనుకున్నాను. గొడుగావిడకి ఫోను చేశాను, నా గొంతుతోనే. "పెద్దింజనీరు రేపు వస్తున్నారమ్మా, మీరే వచ్చి ఆయన్ని అడగండి" అన్నాను. హెడ్మిస్ట్రెస్సు ఇంటి లైను నేనే ఊడదీశాను. ఇంజనీరుగారు వస్తున్నారని తెలిసి వీధి అంతా గుమ్మాల్లోకి వచ్చింది. హెడ్మిస్ట్రెస్సు కొత్త దుప్పటి పరిచిన కుర్చీ వేయించింది. మనవరాలు టీ పట్టుకుని నిలబడింది.

వచ్చాను. హెల్మెట్టు, కళ్ళద్దాలు, మఫ్లరు. ఎక్కాను. తీగ కలిపాను. లోపల ఫోను మోగింది, కింద చప్పట్లు. అప్పుడు కళ్ళద్దాలు తీశాను. మఫ్లరు తీశాను. హెల్మెట్టు తీసి కొక్కేనికి తగిలించాను.

చప్పట్లు ఆగిపోయాయిరా. నవ్వుతారేమో అనుకున్నాను. నేను చేసినవాటిల్లోకెల్లా పెద్దది కదా. ఒక్కరు నవ్వితే ఒట్టు. హెడ్మిస్ట్రెస్సు మొహం చూశాను. ఫోనులో నీ గొంతు విన్నప్పుడు నాకు అద్దం లేదు గానీ, ఉంటే అలాగే కనిపించి ఉండేవాణ్ణి.

"దిగు," అంది. దిగాను.

"ఆ కుర్చీ లోపల పెట్టెయ్యవే," అంది మనవరాలితో. తర్వాత గొడుగావిడ వైపు తిరిగి, "రాసుకోండమ్మా. మా ఫోన్లు బాగుచేసేది వీడే. ఇన్నేళ్ళూ మమ్మల్ని వెర్రివాళ్ళని చేసిందీ వీడే. రెండూ రాసుకోండి," అంది.

గొడుగావిడ, "మొదటిది చాలండి," అని రాసుకుంది. వెనకగదిలో పెట్టె చూసింది, దాని బిల్లు నా పేరున ఉండటం చూసింది. టైలరు సాక్షి సంతకం పెట్టాడు, నా వైపు చూడకుండా. నిన్న ఉత్తర్వు వచ్చింది. ఈ వీధిలో టెలిఫోను సేవ అందించేది షాపతనే, మినహాయింపు అతనికే అని. పన్నులవాళ్ళు కంపెనీ మిగతా వీధులు కూడా చూస్తారట. నీ కిటికీలోంచి అన్నీ కనిపిస్తాయి కదా, చూసుకో.

గెలిచాను. ఇల్లు నిలిచింది, షాపు నిలిచింది. హెడ్మిస్ట్రెస్సు మాత్రం ఫోను పాడైతే కబురు పంపడం లేదు, నేనే వెళ్ళి అడుగుతున్నాను. తలుపు సందులోంచి "పనిచేస్తోంది" అని వేసేస్తోంది. మోసపోయినవాళ్ళ తలుపు ఎలా మూసుకుంటుందో నాకిప్పుడు బాగా తెలుసు. అవతల పక్క నుంచీ, ఇవతల పక్క నుంచీ.

వచ్చే ఏటి లెక్కలు నేనే రాసుకుంటాను. నువ్వు రావొద్దు. ఫోనూ చెయ్యొద్దు. చేస్తే మోగనిస్తాను.

కింద మీ అక్క రెండు ముక్కలు రాస్తానంటోంది.

తమ్ముడూ,
ఆయన అందరి ముందూ హెల్మెట్టు తీసిన రోజు నిచ్చెన నేను పట్టుకున్నాను. ఇంకెవరున్నారు? ఆయన పైనున్నంతసేపూ వదల్లేదు. అరచేతులు పొక్కాయి. నీకప్పుడు నూనె రాసింది నేనే, గుర్తుందా? నేనింకా ఏమీ రాసుకోలేదు.
అక్క